బాసర రాళ్ల మీద ఒక చిన్న బండి



బాసర అనగానే మన తెలుగువారికి పలక, బలపం గుర్తుకు వస్తాయి. గోదావరి ఒడ్డున ఉన్న జ్ఞాన సరస్వతి ఆలయానికి తెలంగాణ నుండియే గాక మహారాష్ట్ర నుండి కూడా తల్లిదండ్రులు పసిపిల్లలను ఎత్తుకొని వచ్చి అక్షరాభ్యాసం చేయించి వెళ్తుంటారు. 2008లో ఈ ఊరికి మరొక చదువుల గుర్తు తోడైంది. అదే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. మన పల్లెల్లో దానిని ట్రిపుల్ ఐటీ అంటారు. పదవ తరగతి ముగిసిన పల్లె పిల్లలు ఆరేళ్ల ఇంజనీరింగు చదువుకు ఇక్కడ చేరుతున్నారు.

అక్షరాలకు పేరుపొందిన ఈ ఊరి దగ్గర మేము చూచినది మాత్రం చేతిపని. దానిని గూర్చి మన కుటుంబాలకు చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బాసర ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. మహారాష్ట్ర నుండి వచ్చే గోదావరి కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని, బాసర మీదుగా శ్రీరాంసాగర్ జలాశయం వైపు సాగిపోతుంది. సికింద్రాబాదు నుండి నిజామాబాదు మీదుగా నాందేడ్ వైపు పోయే రైలు గోదావరి వంతెన దాటగానే బాసర స్టేషన్ వస్తుంది. చుట్టూ నల్లరేగడి నేలలు. పత్తి, సోయా, జొన్న ఇక్కడి పంటలు.

జొన్న అన్నాము గనుక ఒక సంగతి గుర్తు చేయాలి. ఈ ప్రాంతపు పెద్దవారిలో చిన్నతనంలో జొన్నదంటు బెండుతో బండి చేయనివారు తక్కువ. దంటు బెరడు ఒలిచి, లోపలి తెల్లని బెండును ముక్కలు కోసి, బెరడు పుల్లలు గుచ్చి, తుమ్మముల్లును చీలగా పెడితే చక్రాలు, నొగ, కాడి అన్నీ ఉన్న ఎడ్లబండి తయారయ్యేది. పైసా ఖర్చు లేదు. సాయంకాలానికి విరిగిపోతే మరునాడు ఇంకొకటి. ఆ బండ్లు ఇప్పుడు కనబడుట లేదు. కాని ఆ విద్య పూర్తిగా పోలేదని మాకు ఈ వేసవిలో తెలిసింది.

ఎడారి నుండి వచ్చిన బండి

బాసరకు దగ్గరలోని ఒక పల్లెలో మాకు తెలిసిన కుటుంబమొకటి ఉన్నది. ఆదిలాబాదు, కరీంనగరు, నిజామాబాదు పల్లెల్లో గల్ఫ్‌కు మనిషి పోని వాడ ఉండదు గదా. ఈ ఇంటి యజమాని కూడా అక్కడనే ఒక కంపెనీలో పికప్ బండి నడుపుతున్నాడు. ఎడారిలో పనిచేసే కూలీలకు అన్నము, నీళ్లు చేరవేయుట అతని పని. కొడుకు అయిదవ తరగతిలో ఉండగా పోయినాడు. పిల్లవాడు ఇప్పుడు ఎనిమిదవ తరగతి. మధ్యలో ఒక్కసారి వచ్చి నెల రోజులుండి తిరిగి పోయినాడు.

అలా వచ్చినప్పుడు తెచ్చినదే ఈ ఆట బండి. అక్కడి యజమాని పిల్లలు ఆడి వదిలివేసిన రేడియో బండి. చేతిలో చిన్న పెట్టె పట్టుకొని మీట నొక్కితే దూరాన ఉన్న బండి కదులుతుంది. ఈ విద్య కొత్తదేమీ కాదు. 1898లో నికోలా టెస్లా అనే శాస్త్రవేత్త న్యూయార్కులో నీటితొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించాడు. జపాను దేశపు తమియా కంపెనీ 1976లో తన మొదటి రేడియో కారును అమ్మకానికి తెచ్చింది.

అయితే ఈ బండి పరుగు పందెపు కారు కాదు. దీనిని రాక్ క్రాలర్ అంటారు. అంటే రాళ్ల మీద పాకే బండి. మనిషి నడక కంటె వేగంగా పోదు. దాని గొప్పతనమంతా ఎక్కుటలోనే ఉన్నది. మోటారు ఎంత వేగంగా తిరిగినా పళ్లచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చి నాలుగు చక్రాలకు అందిస్తాయి. ట్రాక్టరు నడిపే సోదరులకు డిఫరెన్షియల్ లాక్ సంగతి తెలిసియే ఉంటుంది. బురదలో ఒక చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంటే కాలితో ఆ పెడలు తొక్కితే రెండు చక్రాలూ ఒకటై తిరిగి బండి బయట పడుతుంది. ఈ ఆట బండిలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ అదే లాకు ఎల్లప్పుడూ వేసి ఉంటుంది. టైర్లు మెత్తని రబ్బరువి. లోపల గాలికి బదులు స్పాంజి ఉంటుంది. రాయి అంచు తగిలితే టైరు దాని చుట్టూ వంగి పట్టుకుంటుంది. మీట వదిలితే ఎంత ఏటవాలుగా ఉన్నా బండి ఉన్నచోటనే ఆగి నిలుచుంటుంది.

అమెరికాలో మోవబ్ అనే ఊరి ఎర్రరాళ్ల మీద, కాలిఫోర్నియాలోని రూబికాన్ బాట మీద నిజమైన జీపులతో ఈ ఆట ఆడతారు. అదే ఆటకు చిన్న రూపం ఇది. దీనిని ఇష్టపడే వారు దేశదేశాలలో ఉన్నారు. వారికి బండి కొనుట కంటె దానికి సామానులు స్వయంగా చేసుకొనుటలో ఎక్కువ సంతోషం. నీళ్ల డబ్బాలు, పార, గొడ్డలి, తాడు, పైన కేరియరు, ఇసుకలో దిగబడితే టైర్ల కింద వేసే పలకలు, ఇవన్నీ నిజమైన వాటిలో పదో వంతుకు చేసి అమర్చుతారు.

జానతో కొలత

మేము వెళ్లేటప్పటికి పిల్లవాడు వాకిట్లో కూర్చొని రేకు కత్తిరిస్తున్నాడు. చుట్టూ సైకిలు చువ్వలు, పాత గొడుగు బట్ట, అగ్గిపెట్టెలు, వల అల్లే నైలాను దారం. "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగితే, "బాపు బండి చేస్తున్న అయ్యగారూ" అన్నాడు.

విషయమేమిటంటే, తండ్రి నడిపే పికప్ ఎలా ఉంటుందో ఈ ఆట బండిని అలాగే చేయాలని వాని పట్టుదల. తండ్రికి శుక్రవారం సెలవు. ఆ రోజు ఫోనులో మాట్లాడుకునేటప్పుడు, బండిలో ఏమేమి ఉన్నవి, ఏది ఎక్కడ ఉన్నది, ఎంత పొడవు ఉన్నది అని అడిగి నోటుబుక్కులో వ్రాసుకుంటాడు. తండ్రి దగ్గర టేపు లేదు. జానతో కొలిచి చెప్పేవాడు. జాన అయితే ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగా ఉంటుంది గదా. పిల్లవాడు ఆలోచించి, "బాపూ, తెల్ల కాగితం మీద నీ జాన పెట్టి చూడు" అన్నాడట. ఆఫీసుల్లో వాడే ఎ ఫోర్ కాగితం అడ్డానికి సరిగ్గా సరిపోయిందట. ఆ కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. కనుక పదో వంతు బండికి తండ్రి జాన 2.1 సెంటీమీటర్లు. ఐస్‌క్రీము పుల్ల మీద ఆ కొలత గీతలు గీసుకొని, దానికి 'బాపు జాన' అని పేరు పెట్టుకున్నాడు.

నీళ్ల డబ్బా ఎత్తు రెండు జానల మూడు వేళ్లు. అంటే 47 సెంటీమీటర్లు. ఆట బండికి 4.7. పార పొడవు ఐదు జానలు. ఆట బండికి పదిన్నర సెంటీమీటర్లు. తల్లి కూడా ఊరకుండలేదు. భర్త విడిచిన పాత లుంగీ ముక్కతో చిన్న పడక చుట్ట కుట్టి ఇచ్చింది. టానిక్ సీసాల అల్యూమినియం మూతలు మూడు ఒకదానిమీద ఒకటి పెట్టి తీగ చుట్టి టిఫిన్ డబ్బా చేసినది కూడా ఆమెయే. ఫోనులో డబ్బుల సంగతి, అప్పుల సంగతి తప్ప వేరే మాట్లాడుటకు తోచని ఆ ఇంట్లో ఇప్పుడు శుక్రవారం ఫోను గంటసేపు సాగుతున్నదని ఆమె నవ్వుతూ చెప్పింది.

కాని ఒక చిక్కు వచ్చింది. డబ్బాలను వాడు బంకమట్టితో చేసి ఎండబెట్టాడు. ఒక్కొక్కటి 50 గ్రాములు తూగింది. అలాంటివి నాలుగు. వాటికి తోడు ఇనుప చువ్వల కేరియరు, ఇనుప పార, రేకు పెట్టె. అంతా కలిసి 400 గ్రాములు బండి నెత్తిమీదకు చేరింది. మోయుటకు అది పెద్ద బరువేమీ కాదు. కాని గడ్డి ఎత్తుగా పేర్చిన ఎడ్లబండి గట్టు ఎక్కేటప్పుడు ఏమవుతుందో మన రైతులకు తెలుసు. బరువు పైన ఉంటే బండి తిరగబడుతుంది. సామాను లేనప్పుడు అవలీలగా ఎక్కిన రాయి మీదనే ఈ బండి ఇప్పుడు వెల్లకిలా పడుతున్నది. "బాపు సామాను తీసేస్తే ఎక్కుతది అయ్యగారూ. కని తీసేసినంక అది బాపు బండి ఎట్లయితది?" అన్నాడు వాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు వాని మేనమామ, "నిర్మల్‌ల బొమ్మలు చేసే కట్టె దూదిలెక్క ఉంటదట. అడిగి చూద్దాం" అన్నాడు. మాకు కూడా ఆ పని చూడాలని చాలా కాలంగా ఉన్నది. నలుగురం కలిసి మరునాడే బయలుదేరాము.

నిర్మల్ ప్రయాణం

బాసర నుండి ముధోల్, భైంసా మీదుగా నిర్మల్ సుమారు 70 కిలోమీటర్లు. భైంసా పత్తి వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. అక్కడ నుండి 61వ నంబరు జాతీయ రహదారి తూర్పుగా నిర్మల్ చేరుతుంది. దారి పొడుగునా నల్లచేలు, మోదుగు చెట్లు, అక్కడక్కడ రాతిగుట్టలు. నిర్మల్ చుట్టూ పాత కోటలు, బురుజులు నేటికీ ఉన్నవి. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడు అనే పాలకుడు చేతిపనివారిని ఆదరించాడనీ, ఊరికి ఆ పేరు ఆయన వల్లనే వచ్చిందనీ చెప్పుకుంటారు. ఈ పని చేసేవారిని నకాషీలు అంటారు. పండ్లు, పక్షులు, జంతువులు, ఎడ్లబండ్లు, పల్లె మనుషులు, ఏది చేసినా చేతిలోకి తీసుకొని చూడాలనిపించేలా చేస్తారు. నిర్మల్ బొమ్మలకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది.

అరవై ఏళ్లు దాటిన ఒక పనివాడు మమ్ములను కూర్చోబెట్టి పని చూపించాడు. ఆ కర్ర పేరు పొనికి. తెల్లగా, గోరు దిగేంత మెత్తగా, చేత పట్టుకుంటే బరువే తెలియకుండా ఉంటుంది. కొండపల్లి బొమ్మలకు కూడా ఇదే కర్ర. ఏటికొప్పాక వారిది మాత్రం అంకుడు కర్ర. పొనికిని బాగా ఆరబెట్టి, ముక్కలుగా కోసి, ఉలితో చెక్కుతారు. కాళ్లు, తల, తోక వేరువేరుగా చేసి అతికిస్తారు. అతికించుటకు చింతగింజల జిగురు. అదే జిగురులో రంపపు పొట్టు కలిపి మెత్తగా నూరితే లప్పం తయారవుతుంది. అతుకులు కనబడకుండా దానితో పూడ్చి, ఎండబెట్టి, ఆకురాయితో నున్నగా చేసి, తెల్ల సుద్ద పూసి, ఆపైన రంగులు వేస్తారు.

మేనమామ విషయం చెప్పగానే ఆ పెద్దాయన బండిని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. మట్టి డబ్బాను అరచేతిలో ఎగరవేసి నవ్వాడు. పొనికి ముక్క ఒకటి, చిన్న ఉలి ఒకటి పిల్లవాని చేతికిచ్చి, "చెక్కు బిడ్డా" అన్నాడు. వాడు డబ్బా మీద ఉండే గీతలు, అక్షరాలు, మూత మరలు అన్నీ చెక్కాలని చూస్తుంటే, ఆయన చేయి పట్టుకొని ఆపాడు.

"పెద్దదాన్ని చిన్నగ చేసుడంటే అన్నీ చిన్నగ చేసుడు కాదు. కొన్నిటిని ఇడిశిపెట్టాలె. చిలుకకు ఈకలన్నీ చెక్కుతమా? ముక్కు, కన్ను, తోక వంపు సక్కగ వస్తే చాలు. చూసేటోడు చిలుకనే అంటడు. నీ డబ్బకు మూడు పిడులున్నయ్, నడుమ అడ్డ గీతలున్నయ్. అవి చెక్కు. మిగిలింది కన్ను చూసుకుంటది."

మధ్యాహ్నానికి మొదటి డబ్బా తయారైంది. తూకం వేస్తే 10 గ్రాములు కూడా లేదు.

అక్కడ మేము ఒక లెక్క కూడా నేర్చుకున్నాము. పొడవు పదో వంతు అయితే బరువు వెయ్యో వంతు కావాలి. ఎందుకంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదో వంతు అవుతాయి. రెండు టన్నుల పికప్‌కు వెయ్యో వంతు రెండు కిలోలు. 20 లీటర్ల నీళ్లకు వెయ్యో వంతు 20 గ్రాములు. వాని మట్టి డబ్బా 50 గ్రాములు గనుక, నిజమైన బండి మీద 50 కిలోల డబ్బాలు నాలుగు ఎక్కించినట్లయింది. తిరగబడక ఏమవుతుంది? బడిలో ఘనపరిమాణం పాఠం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పిల్లలకు ఈ డబ్బా ఒక్కటి చాలునని మాకు అనిపించింది.

చెట్టు సంగతి

కర్ర ముక్కలకు డబ్బు ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు. కాని కర్ర సులభంగా దొరుకుతున్నదని అనుకోవద్దన్నాడు. "మా నాయిన కాలంల పొద్దున పోయి పొద్దుగూకేసరికి అడివిల నుంచి తెచ్చుకునేటోళ్లు. ఇప్పుడు దూరం పోవాలె, పర్మిషను కావాలె. ఈ చెట్టు ఇల్లు కట్టుకోను పనికిరాదు, పండ్లు అమ్ముకోను పనికిరాదు. బొమ్మలు చేసేటోనికి తప్ప ఎవ్వనికీ అక్కర లేదు. అందుకే ఎవ్వడు పెట్టడు." ఆయన కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పని నేర్చుకున్నాడట గాని చేయుట లేదు. "వాణ్ని తప్పు పట్ట. నెలకు జీతం వస్తది గదా" అని ఆయనే సమర్థించాడు. కాసేపాగి, "నేను పోయినంక ఈ ఉలులు ఎవరివో" అన్నాడు.

సోదర సోదరీలారా, ఒక చెట్టు పోవుటకు, ఒక పని పోవుటకు మధ్య ఎంత దగ్గర సంబంధమున్నదో మాకు ఆ మాటలో తెలిసింది. అక్కరగలవారు తగ్గితే చెట్టు తగ్గుతుంది. చెట్టు తగ్గితే ధర పెరిగి పనివారు తగ్గుతారు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. మన సంఘ ఆవరణల్లో, బడుల్లో నీడ కొరకు ఏవేవో చెట్లు నాటుతున్నాము. అటవీశాఖ నర్సరీలో అడిగి ఒక పొనికి మొక్క నాటితే తప్పేమున్నది?

బయలుదేరేటప్పుడు ఆ పెద్దాయన పిల్లవానితో, "నువ్వు చేసిన డబ్బ ఒకటి నాకిచ్చి పో. నా ఎడ్లబండి బొమ్మ పక్కన పెట్టుకుంట" అన్నాడు. వాడు మొదటిదాన్నే ఇచ్చాడు. వంకరగా ఉన్నా ఆయన అదే అడిగి తీసుకున్నాడు.

రాళ్ల మీద

వారం రోజుల్లో సామానంతా మారిపోయింది. డబ్బాలు, పెట్టె పొనికివి. కేరియరుకు ఇనుప చువ్వలకు బదులు వెదురు దబ్బలు వచ్చాయి. క్రిస్మసు నక్షత్రం కట్టే యౌవనస్థుడొకడు వాటిని సన్నగా చీల్చి దారంతో కట్టి ఇచ్చాడు. పారకు కర్ర పిడి, నూనె డబ్బా రేకు. ఇసుక పలకలకు ఐస్‌క్రీము పుల్లలను అతికించి, కాల్చిన సూదితో రంధ్రాలు చేశారు. పాడైన టార్చిలోని రెండు చిన్న దీపాలను ముందు అమర్చి, ఒక్కొక్కదానికి 150 ఓముల రెసిస్టరు కలిపారు. బరువైన బ్యాటరీని కిందికి, ముందుకు జరిపారు. నెత్తిమీద 400 గ్రాములున్నది ఇప్పుడు 100 గ్రాములైంది.

ఊరి బయట చేను గట్టు దాటితే నల్లని బండరాళ్లున్నవి. శుక్రవారం సాయంకాలం ఎండ తగ్గిన తరువాత అక్కడ చేరాము. పదిహేను మంది పిల్లలు, నలుగురు పెద్దలు. మేనమామ ఫోను పట్టుకొని అక్కడ ఉన్న తండ్రికి చూపిస్తున్నాడు. బండి మొదటి రాయి అంచు పట్టుకొని, ముందు చక్రం ఎత్తి, కాసేపు ఆలోచించినట్లు ఆగి, నెమ్మదిగా పైకి పోయింది. మునుపు తిరగబడిన రాయి దగ్గర అందరూ ఊపిరి బిగబట్టారు. అది ఒక పక్కకు ఒరిగి, మరల సర్దుకొని ఎక్కింది. రెండు రాళ్ల మధ్య నెరియ వచ్చినప్పుడు పిల్లవాడు పరుగెత్తి పోయి ఐస్‌క్రీము పుల్లల పలకలు తీసి అడ్డంగా వేశాడు. అలంకారానికని చేసినది నిజంగానే వంతెన అయింది. బండి దానిమీదుగా దాటిపోయింది.

ఫోనులో తండ్రి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నా టిఫిను డబ్బ యాడ వెట్టినవ్ రా?" అని అడిగాడు.

"నీ సీటు పక్కన, కిందికి బాపూ."

"ఆన్నే పెట్టుకుంటనని నీకెట్ల తెలుసు?"

"నువ్వే చెప్పినవ్ గదా, పోయిన శుక్రారం."

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకొని, "చీకటైతుంది, పోదాం పాండ్రి" అన్నది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఇలాంటి రేడియో బండి మన అందరి ఇళ్లలో ఉండదు. ఉండవలసిన అవసరమూ లేదు. దాని ఖరీదు మన కుటుంబాలకు భారమే. కాని వెదురు, రేకు, గొడుగు చువ్వ, చింతగింజల జిగురు లేని పల్లె లేదు. జొన్నబెండు బండి చేసినా పిల్లవాడు కొలత, తూకం, ఓర్పు నేర్చుకుంటాడు. తాత ఒకడు పక్కన కూర్చొని చూపిస్తే ఇంకా మంచిది. చెడిపోయిన వస్తువు పారవేయకముందు అందులో ఏది పనికివస్తుందో చూచే కన్ను వస్తుంది.

బ్యాటరీ బండి ఉన్నవారు కొంత జాగ్రత్త పడాలి. వీటిలో వాడే లిథియం బ్యాటరీని దానికి తగిన చార్జరుతోనే, పెద్దలు దగ్గర ఉండగానే, మంచం మీదా బట్టల మీదా కాక బండల నేల మీద పెట్టి చార్జి చేయాలి. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు. గోదావరి ఒడ్డున ఆడేటప్పుడు బండి నీళ్లలో పడితే దాని వెంట పిల్లలను దిగనీయవద్దు. బండి పోయినా ఫరవాలేదు.

తండ్రి దూరదేశంలో ఉన్న ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పుచున్నాము. ఆయన పంపే డబ్బును గూర్చియే గాక ఆయన చేసే పనిని గూర్చి కూడా పిల్లలను అడగనివ్వండి. ఏ పనిముట్టుతో పనిచేస్తాడు, ఏ వేళకు తింటాడు, ఎక్కడ పడుకుంటాడు అని అడిగిన పిల్లవానికి తండ్రి కేవలం ఫోనులోని గొంతుగా మిగిలిపోడు.

బాసర వైపు వచ్చేవారు ఒక రోజు ఎక్కువ పెట్టుకొని నిర్మల్ కూడా చూచి పొండి. ఉదయం బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చును. కొనగలిగినవారు చిన్న చిలుకనో, ఎడ్లబండినో కొనండి. కొనలేనివారు కాసేపు కూర్చొని చూడండి. ఆ పనివారు కాదనరు. పిల్లలను మాత్రం తప్పక వెంట తీసుకొని వెళ్లండి.